చెరువుకట్ట: వరదనుండి ఊరిని కాచు విధము

(ఆయకట్టు రైతుల సభలో చేసిన ఉపన్యాసము)



ఈ దినమున నేను మీతో మాటలాడ దలచిన విషయము క్రొత్తది కాదు. మీ ఊరి చెరువుకట్టను గూర్చియే చెప్పబోవుచున్నాను. ఆ కట్టమీదుగా మీరు ప్రతిదినమును పశువులను తోలుకొని పోవుదురు. దాని క్రింది నీటితో ఆబీ, తాబీ పంటలు పండించుకొందురు. కట్ట నిలిచియున్నంత కాలము దానిని గూర్చి ఎవరును తలపరు. తెగిన నాడు మాత్రము ఊరంతయు దానినే తలచును. తెగిన పిదప విచారించుటకంటె తెగకముందు ఆలోచించుట మేలు గనుక ఈ ప్రసంగమునకు పూనుకొంటిని.

చెరువు నీటిని నిలువజేయుటకు ఉన్నదని మన మందరము ఎరుగుదుము. అది వరదను ఆపుటకు గూడ ఉన్నదని తలచువారు తక్కువ. ఈ రెండు పనులును ఒకే కట్టచేత జరుగవలెను. కాని ఈ రెండింటి నడుమ ఒక పోటీ కలదు. పంట కోరువాడు చెరువు అంచువరకు నిండవలెనని కోరును. వరదకు భయపడువాడు చెరువులో కొంత చోటు ఖాళీగా నుండవలెనని కోరును. ఈ పోటీని తీర్చునది అలుగు. దీనినే మత్తడి యనియు అందురు. అలుగు ఎత్తును ఎవరును పెంచకుండ, దాని దారిని ఎవరును మూయకుండ కాపాడుకొన్నచో కట్ట నిలుచును. నేను చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే. తక్కినదంతయు దీనికి వివరణము.

వాన లెక్క

ఒక అంగుళము నీరన్నచో మనకు స్వల్పముగా తోచును. అయితే ఒక చదరపు మైలు నేలపైనుండి, అనగా 640 ఎకరములపైనుండి, ఒక అంగుళము నీరు పారివచ్చినచో అది 23 లక్షల ఘనపుటడుగులకు మించును. పెద్ద తుపానువానలో నాలుగంగుళముల నీరు నేలలో ఇంకక, ఆరు గంటలలో వాగుల వెంబడి దిగివచ్చిన దనుకొందము. అప్పుడు చదరపు మైలొక్కింటికి సెకనుకు సుమారు 430 ఘనపుటడుగుల నీరు చెరువులోనికి చేరును. చెరువునకు నీరిచ్చు నేల రెండు చదరపు మైళ్లున్నచో, ఆ నీరు సెకనుకు 860 ఘనపుటడుగు లగును. ఇది ఆరు గంటలకు సగటు లెక్క; వాన ఉధృతముగా నున్న గంటలో ఇంతకంటెను ఎక్కువ రావచ్చును.

ఇంత నీటిని చెరువు ఎట్లు తాళుచున్నది? మృగశిర కార్తెలో చెరువు ఎండియుండును గనుక వచ్చిన నీటినెల్ల అది మ్రింగివేయును; దిగువ ఊరికి వరద తెలియనే తెలియదు. ఉత్తర, హస్త కార్తెలనాటికి చెరువు నిండియుండును. అప్పుడు గూడ చెరువు వరదకు కొంత అడ్డుపడును. ఏలయనగా అలుగుపై నీరు పారవలెనన్న ముందుగా చెరువంతటను మట్టము పెరుగవలెను. నీటి పరపు 50 ఎకరములున్న చెరువులో అలుగుపై రెండడుగుల నీరు నిలిచినచో, ఆ రెండడుగులలోనే 43 లక్షల ఘనపుటడుగుల నీరు తాత్కాలికముగా ఆగియుండును. వరద తగ్గిన పిమ్మట అది మెల్లగా జారిపోవును. వాగులో ఒక్కమారుగా రావలసిన పోటును చెరువు ఈ విధముగా సాగదీసి పలుచన చేయును.

కేవలము వరదనాపుటకే చిన్న మట్టికట్టలు కట్టిన దేశములు గూడ ఉన్నవి. అమెరికా దేశమునందలి ఒక్లహోమా రాష్ట్రములో వాషిటా నది పరీవాహమున, కార్డెల్ పట్టణ సమీపమున, 1948లో అచ్చటి ప్రభుత్వ భూసంరక్షణ శాఖవారు అట్టి మొదటి కట్టను పూర్తిచేసిరి. తరువాత ఆ దేశమున ఇట్టివి పదకొండు వేలకు పైగా కట్టబడినవి. అవి మన కుంటకట్టలవంటివే. రైతుల పొలముల నడుమనే యుండును. అడుగుభాగము పూడికకును కొంత నిలువనీటికిని విడువబడును. దానిపై భాగమును వరదకొరకు ఖాళీగా ఉంచుదురు. నిలువుగా నిలిపిన గొట్టమొకటి ఆ వరదనీటిని కొన్ని దినములపాటు మెల్లగా క్రిందికి విడుచును. గొట్టముచేత కాని పెద్ద వరద వచ్చినచో, కట్ట ప్రక్కన గట్టినేలపై పచ్చిక పెంచిన వెడల్పైన దారిగుండ నీరు ప్రక్కకు పోవును. ఎట్టి వరదయైనను కట్టమీదుగా మాత్రము పోరాదు. కట్ట చిన్నదైనను పెద్దదైనను, మన దేశమునదైనను పరదేశమునదైనను, మట్టికట్టకు ఈ నియమ మొక్కటే.

మన చెరువులలో ఆ గొట్టమును లేదు, వరదకని విడిచిన ఖాళీయును లేదు. మనకున్నదెల్ల అలుగును, అలుగునకును కట్టపైభాగమునకును నడుమనున్న కొలది అడుగుల ఎత్తును మాత్రమే. కావున ఆ ఎత్తు మనకు ప్రాణముతో సమానము.

1908వ సంవత్సరపు వరద

ఈ మాట ఎంత సత్యమో పూర్వపు హైదరాబాదు సంస్థానమున జరిగిన ఒక గొప్ప ఉపద్రవమువలన తెలియును. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచివేసెను. వేలకొలది జనులు మరణించిరి. ఆ దినములలో శంషాబాదున 24 గంటలలో 12.8 అంగుళముల వాన కురిసెను. 1909లో మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు ఈ వరదకు కారణములను విచారించిరి. నగరమునకు ఎగువ మూసీ, ఈసీ నదులకు నీరిచ్చు ప్రాంతములో 788 చెరువులుండగా, వానిలో 221 తెగినవని లెక్క తేలెను.

ఈ లెక్కను మనము రెండు విధముల చూడవలెను. తెగిన 221 చెరువులును అంతవరకు తమ కడుపులో దాచుకొన్న నీటిని ఆ వరదలో కలిపివేసినవి. వాన నీటికి తోడు నిలువ నీరు గూడ దిగినది. మన చెరువులు గొలుసుకట్టు చెరువులు. ఎగువ చెరువు అలుగు నీరు దిగువ చెరువులోనికి పోవును. ఎగువ కట్ట తెగినచో ఆ నీరంతయు ఒక్కుమ్మడిగా దిగువ కట్టపై బడును. అంత నీటిని పంపుటకు దిగువ చెరువు అలుగు చాలదు. అదియు తెగును, దాని క్రిందిదియు తెగును. ఇక రెండవ విధము. ఆ ఘోరమైన వానలో గూడ 567 చెరువులు తెగక నిలిచినవి. నిలిచిన ప్రతి కట్టయు తన నీటిని తానే పట్టుకొని నగరమునకు వచ్చు వరదను తగ్గించినది. చిన్న చెరువుకట్టచేత ఏమగునని ఎవరైన అన్నచో, నిలిచిన 567 చెరువులను చూపవచ్చును.

తరువాత నగరమునకు ఎగువ మూసీపై ఉస్మాన్‌సాగరు 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. అవి పెద్ద జలాశయములు. కాని వానికి నీరు చేరు దారిలోనున్న ఊరి చెరువులను కాపాడుపని ఏ పెద్ద జలాశయమును చేయజాలదు. అది ఊరివారి పనియే.

పెద్దలు చెప్పిన దోషములు

మన పూర్వులు ఈ విషయ మెరుగనివారు కారు. కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువును 1369లో బుక్కరాయల కుమారుడైన భాస్కర భవదూరుడు కట్టించెను. అచ్చటి శాసనము చెరువునకు ఉండవలసిన పండ్రెండు అంగములను, ఉండరాని ఆరు దోషములను చెప్పుచున్నది. వేయిమంది కూలీలు, రాళ్లు తోలుటకు నూరు బండ్లు, రెండేండ్ల కాలము ఆ పనికి పట్టినవని అందులో నున్నది. ఆరు దోషములలో మొదటిది కట్టనుండి నీరు ఊరుట. చవుటినేల మరియొకటి. నేల కొద్దిగను నీరు అధికముగను ఉండుట ఇంకొకటి. అనగా నేలకు తగినంతకంటె నీరు ఎక్కువగుటయు దోషమేయని ఆరువందల ఏండ్లకు పూర్వమే రాతిపై చెక్కించిరి. మనము అలుగుపై రాళ్లు పేర్చునప్పుడు అట్టి దోషమునే చేతులార తెచ్చుకొనుచున్నాము.

అలుగుపై ఒక అడుగు

ఈ విషయమును నెమ్మదిగా ఆలోచింపుడు. వానలు ముగియు కాలమున అలుగు పారుచుండగా చూచి, “ఇంత నీరు వాగు పాలగుచున్నదే, ఒక అడుగు ఎత్తు రాళ్లో మట్టిబస్తాలో పేర్చినచో తాబీ పంటకు నిలుచునుగదా” యని ఆయకట్టు చివరి రైతు తలచుట సహజము. అతని కష్టము నిజమైనదే. పై మళ్లకు నీరు పారిన పిదప అతనికి మిగులునది తక్కువ. అతనిని దుర్మార్గుడని నేననను. కాని లాభమెంతయో, నష్టమెంతయో లెక్క వేయవలెను.

మొదట లాభము. 50 ఎకరముల నీటి పరపుపై ఒక అడుగు నీరు అదనముగా నిలిచినచో, ఎండకును ఊటకును పోగా మిగిలిన దానితో పది, పదునైదు ఎకరముల వరికి మించి పారదు. అది గూడ ఆ సంవత్సరము మరల పెద్ద వాన రాకున్నప్పుడే.

ఇక నష్టము. అలుగు పొడవు 100 అడుగు లనుకొందము. దానిపై ఒక అడుగు లోతున నీరు పారినచో సెకనుకు సుమారు 300 ఘనపుటడుగులు పోవును. రెండడుగుల లోతున పారినచో 600 కాదు, సుమారు 850 పోవును. నీరు లోతైనకొలది వేగమును హెచ్చుటయే దీనికి కారణము. రెండు చదరపు మైళ్ల నీటికి ఈ 850 సరిపోవునని ముందు వేసిన లెక్కవలన తెలియుచున్నది. కట్టించిన వారు అట్లే చూచి, అలుగుపై రెండడుగుల వరద పారినను కట్టకు ఇంక రెండడుగుల ఎత్తు మిగులునట్లు కట్టిరనుకొందము.

ఇప్పుడు ఆ అలుగుపై ఒక అడుగు రాళ్లు పేర్చినాము. వరదనీరు మునుపటి గుర్తువరకు వచ్చునప్పటికి రాళ్లపై పారునది ఒక అడుగే. పోవునది 300 మాత్రమే. వచ్చునది 860. మిగిలిన 560 ఎక్కడికి పోవును? గంటకు 20 లక్షల ఘనపుటడుగులై చెరువులోనే పేరుకొనును. 50 ఎకరముల పరపుపై అది క్రమముగా సుమారు ఒక అడుగు మట్టము పెంచజాలును. కట్టకు మిగిలియున్న రెండడుగులలో ఒకటి ఈ విధముగా తరిగిపోవును. తక్కిన అడుగులో గాలికి లేచు అలలు కొట్టుకొనవలెను. బండ్లదారివలనను పశువుల త్రొక్కుడువలనను కట్టపై పడిన పల్లములు గూడ అందులోనే పోవలెను. పల్లము అడుగు లోతున్నచో నీరు అచ్చట కట్ట దాటుట ఆరంభించును. మట్టికట్టపైనుండి నీరు వెలుపలి వాలుమీదుగా దిగుట మొదలిడిన పిదప దానిని ఆపుట ఎవరి తరమును కాదు.

పది ఎకరముల వరికొరకు ఊరి ఆయకట్టంతయు, దిగువనున్న చెరువులన్నియు, వాని ప్రక్కనున్న ఇండ్లును పణముగా ఒడ్డబడినవి. రాళ్లు పేర్చినవాడు దీనిని కోరలేదు. లెక్క చూచుకొనలేదు, అంతే.

రాళ్లు పేర్చుట యొక్కటే కాదు. చేపలు పోకుండ అలుగునకు అడ్డముగా తడికెలు, వలలు కట్టుట గూడ ఇట్టిదే. వరదలో కొట్టుకొనివచ్చు చెత్త, కొమ్మలు వానికి తగులుకొని గోడవలె నిలుచును. అలుగు క్రింది కాలువను దున్ని మడులు చేయుటయు, అందులో ఇండ్లు కట్టుటయు ఇంతకంటె చెడ్డది. నీరు వెలుపలికి పోయినను ముందుకు సాగలేక వెనుకకు ఎక్కును. మరియొక వైపున, శిఖము భూమిలో పైరు వేసినవారు తమ చేను మునుగుచున్నదని అలుగును పగులగొట్టుట గలదు. అదియు తప్పే. అలుగు ఎత్తు ఊరందరి ఒప్పందము. దానిని ఒక్క అంగుళమైనను పెంచుటకును తగ్గించుటకును ఏ యొక్కరికిని హక్కు లేదు.

నీరు ఎక్కువ కావలెనన్న ఏమి చేయవలెను?

చివరి రైతునకు నీరు కావలెననుట న్యాయమే గనుక దానికి మార్గము చూపక నా మాట ముగింపరాదు. అలుగును పైకి లేపుటకు బదులు చెరువును లోతు చేయవలెను. పూడిక తీసిన చోటెల్ల నీరు నిలుచును. కట్టపై భారము పెరుగదు. ఆ మన్ను చేలకు మంచి ఎరువు. తెలంగాణమున 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ పనులలో రైతులు ఇట్టి మన్నును తమ చేలకు తోలుకొనిరి. 50 ఎకరములను ఒక అడుగు లోతు చేయుటకు దాదాపు 22 లక్షల ఘనపుటడుగుల మన్ను తీయవలెను. ట్రాక్టరు పెట్టె నూరు ఘనపుటడుగులు పట్టుననుకొన్నచో అది ఇరువదిరెండు వేల పెట్టెలు. ఒక్క వేసవిలో కాదు. ఏటేట రెండువేల చొప్పున తోలుకొన్నచో పదునొకండేండ్లలో అగును. ఎరువు కొనుటకంటె ఇది చౌక.

ఇచ్చట రెండు జాగ్రత్తలు చెప్పవలసి యున్నవి. తూము గడపకు పైనున్న పూడిక తీసినప్పుడే ఆ నీరు పొలమునకు పారును. గడపకు క్రింది లోతు పశువులకును, చేపలకును, బావుల ఊటకును మాత్రమే ఉపయోగపడును. రెండవది, కట్ట మొదట ఎన్నడును మన్ను త్రవ్వరాదు. కట్ట ఎత్తునకు పదింతల దూరమైనను విడిచి ఆవల త్రవ్వవలెను. దగ్గర త్రవ్విన గుంట కట్ట కాళ్లు నరికినట్లగును.

ఇంతేకాక, పై చేలలో వాలునకు అడ్డముగా దున్ని ఒడ్డులు వేసికొన్నచో పూడిక రాకయే తగ్గును. తూములను వంతుల ప్రకారము విడిచి, రాత్రులు వృథాగా పారనీయకున్నచో, అలుగుపై రాళ్లు పేర్చి నిలుపదలచిన ఆ యడుగు నీరు చెరువులోనే మిగులును.

కట్టను కాపాడుకొను విధము

కట్ట తెగుట మూడు విధములు. నీరు పైనుండి పొర్లుట ఒకటి. దానిని గూర్చి చెప్పితిని. లోపలినుండి బుంగపడుట రెండవది. వాలు జారిపడుట మూడవది.

పైనుండి పొర్లకుండ కట్ట పైభాగము అంతటను ఒకే మట్టమున నుండవలెను. కట్ట అంతయు పదడుగుల ఎత్తున్నను ఒక్కచోట ఎనిమిదడుగులే యున్నచో, అది ఎనిమిదడుగుల కట్టయే. వానకాలమునకు ముందు నీళ్ల గొట్టముతోనో మట్టపు బల్లతోనో చూచి, పల్లములను పూడ్చి దిమ్మిస చేయవలెను. పైవెడల్పు ఆరడుగులకు తగ్గరాదు.

క్రొత్త మన్ను వేయునప్పుడు పాత కట్టపై గడ్డిని, వేళ్లను చెక్కివేసి మెట్లు మెట్లుగా కోసి, ఆపై వేయవలెను. లేనిచో క్రొత్తది పాతదానితో అతుకక జారిపోవును. ఆరంగుళములకు మించని పొరలుగా పరచి, పెడ్డలు చితుకగొట్టి, తగుమాత్రము తడిపి, దిమ్మిస కొట్టవలెను. ఎంతగా కొట్టినను క్రొత్త మన్ను కొంత అణగును గనుక ఎత్తులో అడుగునకు ఒక అంగుళము చొప్పున ఎక్కువ వేయవలెను. వట్టి నల్లరేగడి ఎండకు నెఱ్ఱెలు విచ్చును. వట్టి ఇసుక నీటిని ఆపదు. జిగటమన్ను, మొరము కలిసినది శ్రేష్ఠము. నల్లరేగడియే దొరకు తావున దానిని లోపల ఉంచి, పైన మొరము కప్పవలెను. చవుటిమన్ను నీటిలో కరగిపోవును. దానిని కట్టకు చేర్చనే రాదు. సామాన్యముగా వాలు ఒకటికి రెండు ఉండవలెను. నీటివైపున రాళ్లు పరచియుండవలెను. వెలుపలివైపున గరిక పెరుగనీయవలెను.

గరిక మేలు చేయునుగాని చెట్టు కీడు చేయును. తుమ్మ మొదలైన చెట్ల వేళ్లు కట్టలోనికి దూరును. చెట్టు బ్రతికియున్నప్పటికంటె చచ్చిన పిమ్మట అపాయము హెచ్చు; వేరు కుళ్లి దాని చోట గొట్టమువంటి దారి మిగులును. కావున మొక్కగా నున్నప్పుడే పెరికివేయవలెను. పెద్ద చెట్టును కొట్టినచో మొద్దును వేళ్లతోగూడ త్రవ్వితీసి, గుంటను పొరలుపొరలుగా మన్నుతో దిమ్మిస చేయవలెను. ఎలుకలు, ఎండ్రకాయలు చేసిన బొరియలను గూడ చివరివరకు త్రవ్వి పూడ్చవలెను. నోరు మాత్రము మూసినచో ప్రయోజనము లేదు. తూము గోడల ప్రక్కను దిమ్మిస సరిగా పడదు గనుక నీరు ఆ ప్రక్కనుండియే దారి వెదకును. ప్రతి వేసవిలోను ఆ తావును పరీక్షింపవలెను.

కట్ట వెలుపల చెమ్మ కనిపించినంతనే భయపడ నక్కరలేదు. ఊరు నీరు తేటగా నుండి, ఒకే తీరున నున్నచో గుర్తు పెట్టుకొని చూచుచుండిన చాలును. నీరు బురదగా వచ్చినచో మాత్రము అది కట్ట లోపలి మన్నును మోసికొని వచ్చుచున్నదని గ్రహింపవలెను. అప్పుడు చేయవలసిన పనిలో అనేకులు పొరపడుదురు. వెలుపలి బుంగను జిగటమన్నుతో మూయజూతురు. నీరు ఆగదు, ప్రక్కనుండి మరింత బలముగా వచ్చును. నీటిని పోనిచ్చి మన్నును మాత్రము ఆపవలెను. బుంగపై మొదట ఇసుక, దానిపై గులకరాళ్లు, దానిపై పెద్ద రాళ్లు వేసి, చుట్టును ఇసుకబస్తాలు పేర్చవలెను. నీటివైపున సుడి కనబడినచో అక్కడ గడ్డిమోపులు, మట్టిబస్తాలు వేసి దారి మూయవలెను. వెలుపల ఇసుక, లోపల మన్ను అని జ్ఞాపకముంచుకొనుడు.

వరద రాత్రి

వాన తెరపి లేక కురియు రాత్రి కట్టమీద కాపలా యుండవలెను. మునుపు ఈ పనిని నీరటికాండ్రు చేయుచుండిరి. ఇప్పుడు ఇరువురు మువ్వురు వంతులు వేసికొని దీపములతో తిరుగవలెను. ఒక్కరే పోరాదు. అలుగువద్ద చెత్తను గడకఱ్ఱలతో తొలగించుచుండవలెను. ప్రవాహములోనికి దిగరాదు. కట్టపై పల్లములలో మట్టిబస్తాలు వేయవలెను. అలుగుపై బస్తా వేయుట తప్పు, కట్టపై వేయుట ఒప్పు; ఈ భేదము మరువరాదు. కట్టను తమంతట తాము కోసి గండి పెట్టుట ఎన్నడును చేయరాదు. చిన్న గండి గంటలో పెద్దదగును. ప్రక్క గట్టునేలలో నీటికి దారి చేయవలసి వచ్చినను, అధికారుల, ఇంజనీర్ల ఆజ్ఞమీదనే, దిగువ ఊళ్లకు తెలిపిన పిదపనే చేయవలెను.

దిగువ ఊరికి వార్త పంపుట కట్టను రక్షించుటకంటెను ముందు చేయవలసిన పని. కట్ట పోయినచో మరల కట్టుకొనవచ్చును. మనుష్యులను మరల తేలేము. 2021 నవంబరులో కడప జిల్లాలో చెయ్యేటి ప్రాంతమున ఎగువనున్న పింఛ కట్ట తెగినది. ఆ నీరు దిగువనున్న అన్నమయ్య జలాశయముపై బడి, దాని మట్టికట్టను పొర్లి కొట్టివేసినది. నది ప్రక్కనున్న పల్లెలలో అనేకులు మరణించిరి. 1908లో ఎట్లో 2021లోను అట్లే. ఎగువ కట్ట కష్టము దిగువవారి ప్రాణములమీదికి వచ్చినది. గొలుసుకట్టులోని ప్రతి ఊరివారును తమ పైఊరివారి, క్రిందిఊరివారి ఫోను సంఖ్యలను వ్రాసియుంచుకొనవలెను. వార్త అందినచో వెంటనే దండోరా వేయించి, పల్లపు ఇండ్లవారిని మెరకకు చేర్చవలెను.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. వేసవిలో: పూడిక తోలుకొనుట, బొరియలు, వేళ్లు త్రవ్వి పూడ్చుట, తూము ప్రక్కలను చూచుట.

2. మృగశిరకు ముందు: కట్టపైభాగము మట్టము చూచి పల్లములు నింపుట, అలుగును, అలుగు కాలువను శుభ్రము చేయుట.

3. చెరువు నిండిన పిదప: వారమునకొకమారు కట్ట వెలుపలి పాదమువెంట నడచి చెమ్మను పరీక్షించుట.

4. ఉత్తర, హస్త కార్తెలలో: రాత్రి కాపలాకు వంతులు నిర్ణయించుకొనుట, మట్టిబస్తాలు, ఇసుక, గులకరాళ్లు కట్టవద్ద సిద్ధముగా నుంచుట.

5. ఎల్లకాలమును: అలుగుపై రాయి గాని, బస్తా గాని, తడికె గాని పెట్టకుండుట, పెట్టనీయకుండుట.

సోదరులారా! నేను చెప్పిన పనులలో ఏదియు మీ శక్తికి మించినది కాదు. వీనిలో అధిక భాగమునకు పారయు, గంపయు, ఊరివారి ఐకమత్యమును చాలును. ఈ వేసవిలో మీరందరును కూడి ఒక ఉదయము కట్టమీద ఈ చివరినుండి ఆ చివరివరకు నడువుడు. అలుగువద్ద నిలిచి, కట్టించిన వారు పెట్టిన గడప ఏదో, తరువాతివారు పేర్చిన రాయి ఏదో వేరుచేసి చూడుడు. పేర్చినది యున్నచో ఆ దినముననే తీసివేయుడు. ఆయకట్టు చివరి రైతుకు నీరు చేరు ఏర్పాటును గూడ ఆ కట్టమీదనే అందరి యెదుట నిర్ణయించుకొనుడు. అతనికి వంతు న్యాయముగా దక్కినచో అలుగుపై రాయి పెట్టవలసిన అక్కర అతనికి కలుగదు.